ట్రౌట్‌కి నింఫ్ ఏ సైజు? నంబరు కంటే ముందు చూడాల్సింది బరువు

మీరు అడిగింది ఇదీ: ఉండేది తిరుపతిలో. మే నెలలో హిమాచల్‌లోని తీర్థన్ లోయకి వెళ్తున్నారు. ఇన్నాళ్ళూ చెరువుల్లో జిలేబీలు, బొచ్చెలు పట్టారు గానీ చల్లటి కొండ ఏళ్ళలో ఉండే ట్రౌట్ చేప జోలికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆన్‌లైన్‌లో నింఫ్ ఫ్లైలు, అంటే నీటి పురుగుల్లా కట్టిన చిన్న గాలాలు, చూస్తే 8 నుంచి 22 దాకా నంబర్లు కనిపించాయి. ఆలోచించకుండా 10 నంబరు ప్యాకెట్ ఒకటి కొనేశారు. ఇంకా ఏ సైజులు కావాలి, ఎప్పుడు ఏది కట్టాలి అని.

సూటిగా చెప్తాను. ఒకే ఒక్క సైజు కొనాలంటే 14 కొనండి. రెండైతే 14, 16. మూడో దానికి డబ్బులుంటే 12. మీ దగ్గరున్న 10 నంబరువి పక్కన పడేయకండి, వాటి పని వాటికుంది, కింద చెప్తాను. అయితే ఈ నంబర్లు చూసి సరే అనుకుని వెళ్ళిపోకండి. చేప పడనప్పుడు చాలామంది గట్టున కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి సైజులు మారుస్తుంటారు. అసలు ఆ ఫ్లై చేప ఉన్న లోతుకి చేరిందా లేదా అని మాత్రం చూడరు. నింఫ్‌తో పట్టేటప్పుడు సైజు తప్పు అనిపించేవాటిలో చాలావరకు నిజానికి లోతు తప్పులే. పై నుంచి కింద దాకా నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు నంబర్ల సంగతి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. మన దగ్గర బోరు మోటారు కాలిపోతే రివైండింగ్ షాపుకి తీసుకెళ్తాం కదా, అక్కడ రాగి తీగ గేజు నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడినట్టే ఇదీ. ట్రౌట్ ఫ్లైలలో ఎక్కువగా సరి నంబర్లే దొరుకుతాయి: 10, 12, 14, 16, 18. ఒక కంపెనీ 14, ఇంకో కంపెనీ 14 అచ్చంగా ఒకే పొడవు ఉండవు. అందుకే నంబరుని పూర్తిగా నమ్మకుండా, కొన్న ఫ్లైని స్కేలు పక్కన పెట్టి ఒళ్ళు ఎన్ని మిల్లీమీటర్లుందో ఒకసారి చూసుకోండి. మామూలు నింఫ్ గాలంలో 14 నంబరు ఒళ్ళు సుమారు 7, 8 మిల్లీమీటర్లు వస్తుంది. 18కి వచ్చేసరికి 5 మిల్లీమీటర్ల దగ్గరకి తగ్గుతుంది. ప్యాకెట్ మీద ‘2ఎక్స్ లాంగ్’ అని ఉంటే ఆ గాలం కాడ రెండు సైజులు పెద్ద గాలం కాడంత పొడవుందని అర్థం. మీరు కొన్న 10 నంబరువి అలా లాంగ్ అయితే అవి మీరు అనుకున్నదానికంటే ఇంకా పెద్ద పురుగులు. ప్యాకెట్ ఒకసారి తిప్పి చూడండి.

ఇక నింఫ్ అంటే ఏమిటో తెలిస్తే సైజు గొడవ సగం తీరిపోతుంది. నీళ్ళ మీద ఎగిరే రెక్కల పురుగులు చాలావాటి బతుకులో ఎక్కువ కాలం నీళ్ళ అడుగున, రాళ్ళ కిందే గడుస్తుంది. మేఫ్లై, స్టోన్‌ఫ్లై, క్యాడిస్ అనే మూడు రకాలు ట్రౌట్‌కి ముఖ్యమైన తిండి. రెక్కలు రాకముందు అడుగున పాకే ఆ దశ పురుగుని పోలినట్టు కట్టిన గాలమే నింఫ్ ఫ్లై. ట్రౌట్ పైకి ఎగిరి పురుగుని పట్టడం చూడ్డానికి బాగుంటుంది గానీ, అది తినేదాంట్లో ఎక్కువ భాగం నీళ్ళ లోపలే దొరుకుతుంది. అడుగున రాయి చాటున నిలబడి, ప్రవాహం మోసుకొచ్చినదాన్ని అటూ ఇటూ కొంచెం కదిలి అందుకుంటుంది. ఎదురీది పైకి వచ్చి తినాలంటే దానికి శక్తి ఖర్చు. అందుకే తన మూతికి అడుగు ఎత్తులో పోయే పురుగు ఎంత సరైన సైజులో ఉన్నా చాలాసార్లు వదిలేస్తుంది.

ఇక్కడే బరువు లెక్కలోకి వస్తుంది. తీర్థన్ మన చెరువులా నిలిచిన నీరు కాదు. రాళ్ళ మధ్య ఉరుకుతుంది. బరువు లేని 14 నంబరు ఫ్లై ఆ నీళ్ళలో అడుగు చేరేలోపే చేప ఉన్న చోటు దాటిపోతుంది. అందుకే తల దగ్గర పూస ఉన్న ఫ్లైలే కొనండి. ఇత్తడి పూస, టంగ్‌స్టన్ పూస అని రెండు రకాలొస్తాయి. టంగ్‌స్టన్ ఇత్తడికి రెండింతలకి పైగా బరువు. ధర ఎక్కువే, కానీ కొండ ఏటికి అదే కావాలి. 14 నంబరు గాలానికి 2.8 నుంచి 3.3 మిల్లీమీటర్ల పూస, 16కి 2.5, 18కి 2 మిల్లీమీటర్లు అటూ ఇటూగా సరిపోతాయి. ఒకే 14 నంబరులో చిన్న పూసవి కొన్ని, పెద్ద పూసవి కొన్ని తీసుకోండి. నాలుగు సైజులు ఒకే బరువులో కొనే బదులు, రెండు సైజులు రెండేసి బరువుల్లో కొన్నవాడికి ఎక్కువ చేపలు పడతాయని నా గట్టి నమ్మకం.

ఒళ్ళు ఎలా కట్టారన్నది కూడా చూడండి. బొచ్చు బొచ్చుగా ఉన్న ఫ్లై నెమ్మదిగా దిగుతుంది. సన్నగా, నున్నగా, వార్నిష్ పూసినట్టుండే పెర్డిగాన్ రకం రాయిలా దిగుతుంది. ఈ కిటుకు కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్‌లో ఏవన్ నదిని చూసుకునే ఉద్యోగి ఫ్రాంక్ సాయర్ అనే ఆయన ఫెజెంట్ టెయిల్ నింఫ్ కట్టేటప్పుడు దారమే వాడలేదు. సన్నటి రాగి తీగతోనే ఈక పోగుల్ని బిగించాడు. కట్టేదీ ఆ తీగే, బరువిచ్చేదీ ఆ తీగే. ఒళ్ళు చిన్నదిగానే ఉంటుంది, ఫ్లై మాత్రం దిగుతుంది. మీకు కట్టడం నేర్చుకునే ఓపికుంటే ఆ రాగి తీగ కోసం ఎక్కడికో ఆర్డర్ పెట్టక్కర్లేదు. పైన చెప్పిన రివైండింగ్ షాపులో అడిగితే వెంట్రుకంత సన్నటిది మూరెడు ఇస్తారు.

సరే, ఏ సైజు ఎప్పుడు? దీనికి జవాబు ఏటి దగ్గరే ఉంటుంది. నీళ్ళలోకి గాలం వేయకముందు ఒక పావుగంట పురుగులు వెతకడానికి కేటాయించండి. చీలమండ లోతు నుంచి మోకాలి లోపు, గులకరాళ్ళ మీద నీరు గలగలా పారే చోటు చూసుకోండి. రెండు కర్రలకి దోమతెర ముక్క కట్టి నీటి వాలుకి అడ్డంగా పట్టుకోమని ఒకరికి ఇవ్వండి. మీరు దానికి పైవైపు నిలబడి అరచేతి మందం రాళ్ళని ఒక్కొక్కటీ లేపి అడుగుభాగాన్ని చేత్తో రుద్దండి. తెరకి పట్టినవాటిని కొంచెం నీళ్ళు పోసిన తెల్ల ప్లాస్టిక్ ప్లేటులోకి దులపండి. మొదట చెత్తలా కనిపిస్తుంది. ఒక నిమిషం కదపకుండా చూస్తే ఆ చెత్త నడవడం మొదలుపెడుతుంది.

మేఫ్లై పిల్లకి మామూలుగా మూడు తోకలుంటాయి, కొన్ని రకాల్లో రెండే. పొట్టకి రెండు వైపులా ఆకుల్లాంటి మొప్పలు ఆడుతూ కనిపిస్తాయి. స్టోన్‌ఫ్లైకి ఎప్పుడూ రెండే తోకలు, ఒక్కో కాలి చివర రెండేసి గోళ్ళు, ఒళ్ళు బలంగా ఉంటుంది. క్యాడిస్ పురుగు చాలా రకాల్లో ఇసుక రేణువులు, పుల్లలు అంటించుకుని చిన్న గొట్టంలో ఉంటుంది. ప్లేటు అంచున మీ ఫ్లైలని వరసగా పెట్టి పోల్చండి. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే ఆ ఒక్క పెద్ద పురుగుని చూసి మురిసిపోవద్దు. ఎక్కువ సంఖ్యలో ఏ సైజువి ఉన్నాయో అదే మీ సైజు. ట్రౌట్ రోజంతా చూసేది వాటినే. రెండు సైజుల మధ్య ఊగిసలాట వస్తే చిన్నదే కట్టండి. అదే జాతి పురుగు పిల్లలు చిన్నవీ పెద్దవీ అన్ని వయసులవీ అడుగున ఉంటాయి కాబట్టి చిన్నది చూసి చేప అనుమానపడదు. అలవాటు లేనంత పెద్దది చూస్తే మాత్రం పక్కకి తప్పుకుంటుంది. వీపు మీద రెక్కల సంచులు నల్లగా మారిన పురుగులు కనిపిస్తే అవి త్వరలోనే పైకి వచ్చేవని గుర్తు. ఆ రోజు వాటి సైజుకే మొదటి ఓటు. చూడటం అయ్యాక పురుగుల్ని నీళ్ళలో వదిలేసి, రాళ్ళని తిరగబడిన వైపు కాకుండా ఎలా ఉన్నవాటిని అలాగే పెట్టండి.

దీన్ని నేర్చుకోవడానికి హిమాచల్ దాకా ఆగక్కర్లేదు. నవంబరు, డిసెంబరు వానలకి స్వర్ణముఖి పారేటప్పుడు చంద్రగిరి వైపు గానీ, మీ ఊరి వంకలో గానీ రాళ్ళు పారే చోట చూడండి. మేఫ్లై పిల్లలు మన నీళ్ళలోనూ ఉంటాయి. జాతులు వేరే, కానీ మూడు తోకలు, మొప్పలు, ఆ పాకే తీరు అన్నీ కళ్ళకి అలవాటవుతాయి. ఎండాకాలంలో ఆ రాళ్ళు తప్ప ఇంకేమీ మిగలవు కాబట్టి మీ మే ప్రయాణానికి ముందు చెరువే దిక్కు. చెరువులో 12, 14 నింఫ్‌లకి జిలేబీలు బాగా పడతాయి. చిన్న గాలాన్ని నెమ్మదిగా బిగించడం, సన్న దారంతో తెంపుకోకుండా లాగడం అక్కడే చేతికి వస్తాయి. వేలంలో చెరువు పాడుకున్నవాళ్ళనో, మత్స్యకారుల సంఘం వాళ్ళనో ఒక మాట అడిగి వేయండి. తలకోన లాంటి అడవి చోట్లకి మాత్రం గాలం తీసుకెళ్ళొద్దు, అది నేషనల్ పార్కు.

పురుగుల తర్వాత చూడాల్సింది నీళ్ళ రంగు, వేగం. మే నెలలో తీర్థన్‌లో పైనుంచి మంచు కరిగిన నీళ్ళు కలుస్తుంటాయి. మంచు నీటి ఏళ్ళన్నిటిలో ఒక రోజువారీ లయ ఉంటుంది. రాత్రి చలికి కరగడం తగ్గి తెల్లారేసరికి నీరు తగ్గి తేటగా ఉంటుంది. ఎండ ఎక్కాక కరిగినది మధ్యాహ్నం దాటి కిందికి చేరి, సాయంత్రానికి నీటి మట్టం పెరిగి రంగు తిరుగుతుంది. అందుకే పొద్దున 16తో మొదలుపెట్టి, మధ్యాహ్నానికి 14, నీరు బూడిద రంగుకి వచ్చాక 12 లేదా 10కి వెళ్ళడం నా పద్ధతి. మసక నీళ్ళలో చేప దగ్గరికి వచ్చేదాకా ఏదీ కనిపించదు, కాబట్టి అక్కడ పెద్దది, మెరిసే పూస ఉన్నది పనికొస్తుంది. మీ 10 నంబరు ప్యాకెట్‌కి మొదటి పని ఇదే. గోధుమ రంగో నలుపో అయితే పెద్ద స్టోన్‌ఫ్లై కింద చక్కగా సరిపోతుంది.

అదే నీళ్ళలో చోటుని బట్టి కూడా మారుతుంది. బండల మధ్య నురుగు కక్కుతూ పోయే చోట చేపకి ఆలోచించే టైము లేదు. పట్టడమో వదలడమో క్షణంలో తేల్చుకోవాలి. అక్కడ 12, 14 చాలు. మడుగులో నీరు నెమ్మదిగా తిరిగే చోట అది ఫ్లైని తీరిగ్గా చూసుకుంటుంది. అక్కడ 16, కొన్నిసార్లు 18. ఎప్పుడైనా సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో వెళ్తే నీరు గాజులా ఉంటుంది, 16, 18 లేకుండా పోవద్దు. జులై, ఆగస్టు వానల్లో అసలు వెళ్ళొద్దు, బురద నీటికి ఏ సైజూ పనిచేయదు.

ఇప్పుడు అసలు విషయం, చేప పడనప్పుడు ఏం చేయాలి. సైజు మార్చడం మూడు పనుల తర్వాత చేసే పని.

మొదటిది లోతు. దారం మీద పెట్టే ఇండికేటర్ మన బెండు లాంటిదే. దాన్ని ఫ్లై నుంచి నీటి లోతుకి ఒకటిన్నర రెట్ల దూరంలో పెట్టండి. తర్వాత బెండు పక్కన తేలే బుడగల్ని చూడండి. అడుగున నీరు పై నీటికంటే నెమ్మదిగా పోతుంది. ఫ్లై అడుగు చేరితే అది బెండుని వెనక్కి పట్టి ఉంచుతుంది, బెండు బుడగలకంటే కొంచెం వెనకబడుతుంది. బుడగలతో సమానంగా పోతోందంటే ఫ్లై ఇంకా పైనే ఉంది. నాకు తెలిసినంతలో నింఫ్ పట్టేవాళ్ళకి ఇంతకి మించిన గుర్తు లేదు, దీన్ని చూడటం వచ్చినవాడికి సగం పని వచ్చినట్టే. అప్పుడప్పుడూ అడుగు రాయికి తగిలి బెండు చిన్నగా కదలాలి. ఒక్కసారీ తగలకపోతే బెండు పైకి జరపండి. వేసిన ప్రతిసారీ ఇరుక్కుంటుంటే కిందికి దించండి.

రెండోది బరువు. బెండు జరిపినా దిగకపోతే అదే 14లో పెద్ద పూసది కట్టండి. సైజు ఒక్కటే, బరువు వేరు. ఇందుకే రెండు బరువుల్లో కొనమన్నది. మూడోది దారం లాగుడు. మీకూ బెండుకీ మధ్య ఉన్న దారాన్ని వేగమైన నీరు లాక్కుపోతే కింద ఫ్లై కూడా పురుగు పోనట్టుగా పక్కకి ఈడ్చుకుపోతుంది. కర్ర పైకెత్తి దారాన్ని నీటి మీద నుంచి వీలైనంత లేపండి, లేదా చేపకి ఇంకో రెండు అడుగులు దగ్గరికి నడవండి.

ఈ మూడూ సరిగ్గా ఉండి కూడా పడకపోతే అప్పుడు సైజు తగ్గించండి. 14 నుంచి 16కి, 16 నుంచి 18కి. చేప ఫ్లై దగ్గరికి వచ్చి పక్కలు తళుక్కున మెరిసి తిరిగి వెళ్ళిపోవడం కంటికి కనిపిస్తే మాత్రం ఆగక్కర్లేదు. లోతు సరిపోయిందని చేపే చెప్పింది. వెంటనే ఒక సైజు దించండి. రంగు, రకం మార్చడం అన్నిటికంటే చివర. గోధుమ రంగు ఫెజెంట్ టెయిల్, బూడిద రంగు హేర్స్ ఇయర్ ఈ రెండూ సరైన సైజులో ఉంటే మేలో మీకు మూడో రకం అవసరం రాకపోవచ్చు.

అంచనా వేయడానికి సులువైన దారి ఇంకొకటుంది. రెండు ఫ్లైలు ఒకే దారానికి కట్టడం. బరువైన 10 లేదా 12 ముందు కట్టి, దాని గాలం వంపు నుంచి మూరెడు దారం తీసి చివర 16 కట్టండి. పెద్దది రెండిటినీ కిందికి దించుతుంది, చిన్నది వెనకే సహజంగా తేలుతుంది. వరసగా చిన్నదానికే పడుతుంటే ఆ రోజు సైజు తేలిపోయినట్టే. మీ 10 నంబరు ప్యాకెట్‌కి రెండో పని ఇది. ఆ నీళ్ళలో రెండు గాలాలకి అనుమతి ఉందో లేదో లైసెన్స్ తీసుకునే చోటే అడగండి.

దారం లావు కూడా సైజుతోనే నడుస్తుంది. చివర కట్టే సన్న దారాన్ని టిప్పెట్ అంటారు. దానికీ నంబరు పెరిగితే సన్నబడే లెక్కే. ఫ్లై నంబరుని మూడుతో భాగిస్తే టిప్పెట్ నంబరు వస్తుంది: 12కి 4ఎక్స్, 14, 16లకి 5ఎక్స్, 18కి 6ఎక్స్. 5ఎక్స్ అంటే 0.15 మిల్లీమీటర్ల మందం. లావు దారానికి చిన్న ఫ్లై కడితే అది బిర్రబిగుసుకుని కర్రముక్కలా కదులుతుంది, దిగడం కూడా నెమ్మదే. సన్న దారం నీటిని తేలిగ్గా కోసుకుని దిగుతుంది. అంటే ఒక్కోసారి దారం సన్నది చేయడం కూడా బరువు పెంచడంతో సమానం. ఉరవడి ఏట్లో మొదటిసారి కాబట్టి 6ఎక్స్ జోలికి వెళ్ళకండి, 4ఎక్స్, 5ఎక్స్ చాలు.

చిన్న గాలానికి పెద్ద చేప ఆగుతుందా అన్న మీ అనుమానానికి: ఆగుతుంది. 16 నంబరు గాలం మూతి మూలన పడితే బాగా పట్టుకుంటుంది, తెగేది దారమే. చేప పరిగెత్తితే పరిగెత్తనివ్వండి. కొర్రమీనుని లాగినట్టు ఒక్క గుంజు గుంజితే 5ఎక్స్ తెగిపోతుంది. గాలం ముల్లుని ప్లయర్‌తో నొక్కేయండి, దారం బిగువుగా ఉంచితే ముల్లు లేకపోయినా జారదు, వదిలేటప్పుడు చేపకి గాయం కాదు. తీర్థన్‌లో మీరు పట్టబోయేవి ఎక్కువగా బ్రౌన్ ట్రౌట్‌లు. 1909లో కశ్మీరు నుంచి తెచ్చిన గుడ్లతో కులూ దగ్గర మహిలీలో పొదిగించి ఆ నీళ్ళలో వదిలినవాటితో మొదలైన సంతతి. చలికాలంలో గుడ్లు పెడతాయి కాబట్టే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పట్టడం నిషేధం. చేతులు తడిపి పట్టుకుని, నీళ్ళలోనే గాలం తీసి వదిలేయండి. ఎంత సైజువి ఉంచుకోవచ్చో, రోజుకి ఎన్నో మత్స్యశాఖ లైసెన్స్ మీదే ఉంటుంది.

కొనాల్సిన లెక్క చెప్పి ఆపుతాను. టంగ్‌స్టన్ పూస ఉన్న ఫెజెంట్ టెయిల్ 14 నంబరులో రెండు బరువుల్లో నాలుగేసి, 16లో రెండు బరువుల్లో నాలుగేసి. హేర్స్ ఇయర్ 12లో నాలుగు, 14లో నాలుగు. సన్నటి పెర్డిగాన్ 16లో మూడు, 18లో మూడు. 10 నంబరువి మీ దగ్గర ఉండనే ఉన్నాయి. రాళ్ళలో రోజుకి కొన్ని పోతాయి, అడుగు తాకేలా వేసేవాడికి అది తప్పదు, అందుకే ఒక్కో రకం ఇన్ని చెప్పాను. ఢిల్లీ దాకా విమానంలో వెళ్తే ఫ్లై పెట్టె, ప్లయర్ చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి, చేతి బ్యాగులో గాలాలు చూస్తే సెక్యూరిటీ దగ్గర ఆపేయవచ్చు. అక్కడికి చేరాక మీ ప్లేటులో కనిపించిన పురుగులకి, స్కేలు పక్కన పెట్టి, ఫోటో తీసి పంపితే మరుసటి రోజుకి ఏది కట్టాలో చెప్తాను.